గుణకం

ధర్మాబాద్‌లో రైలు దిగితే
ముందుగా పలకరించేది తుమ్ము.
నీది తెలుగా మరాఠీయా అని అడగదు.

మిర్చి యార్డు వెనక గల్లీలో సర్వే.
చేతిలో ట్యాబ్, మెడలో కార్డు,
కార్డు మీద పదకొండు నెలల గడువు.
చీటీ తీసినట్టు ఏరి ఇచ్చిన ఇళ్లు ఎనిమిది.
ఐదో ఇల్లు గుండేటి దేవన్నది.

"పనిచేసేటోళ్లు ఎందరు?"
"నేనొక్కన్నే. యార్డుల హమాలీ."
"మీ ఆవిడ?"
"ఆమె ఏం జేస్తది సారూ, ఇంట్లనే ఉంటది."

ఇంట్లో ఉండటానికి మా దగ్గరో అంకె ఉంది,
తొంభై రెండు.
వేలు దాని మీదికి పోతుండగా
తడక వెనక తుమ్ము.
ఆగి, ఇంకోటి.
మూడోదాన్ని ఎవరో గొంతులోనే నొక్కేశారు.

జలుబు తుమ్ము తడిగా ఉంటుంది.
మిరప తుమ్ము పొడిది,
గోడకు కొట్టిన చీపురులా.
నాందేడ్ శిక్షణలో ఈ తేడా ఎవరూ చెప్పలేదు.

"ఒకసారి పిలుస్తారా?"

లింగుబాయి వచ్చింది, చేతులు కొంగులో చుట్టుకుని.
పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివాను:
గడిచిన ఏడు రోజుల్లో, ఏ రోజైనా, ఒక్క గంటైనా,
కూలికి గానీ లాభానికి గానీ...
ఆమె మొగుడి మొహం చూసింది.
"పని గాదు సారూ. తొడిమెలు తీస్త. అంతే."

ఆ 'అంతే'లో
పొద్దున్నే సేటు బండి దించిపోయే గోనె ఉంది,
కిలోకింత అని మాటైన కూలి,
మజ్జిగలో ముంచినా చల్లారని గోళ్లు.
పాలిచ్చే ముందు మూడుసార్లు నూనె రుద్దుకుంటుందట.
"అయినా పిల్లది మొహం తిప్పుకుంటది" అంది,
తప్పు పిల్లదే అయినట్టు.

తొంభై రెండు చెరిపాను.
నియమం ప్రకారం ఆమె స్వయం ఉపాధి కిందికొస్తుంది.
గోనె సేటుది, మిర్చి సేటుది, తూకం సేటుది,
స్వయం అన్నది ఆ పది వేళ్లు.

ఎందుకో చెప్పాలనిపించింది:
"పై ఆఫీసులో మీకో గుణకం కడతారమ్మా.
మీరొక్కరు చెప్పింది
రెండు వేల మూడు వందల మంది చెప్పినట్టు లెక్క."

"గంతమందినా నేను?"
కొంగు వదిలేసి నవ్వింది. చేతులు బయటపడ్డాయి.
"అయితే గంతమంది కూలి ఇప్పియ్యుండ్రి."
నవ్వుతూ నవ్వుతూ తుమ్మింది.
రెండు వేల మూడు వందల మంది తుమ్మారు.
దేవన్న నేల చూశాడు.

మా అధికారికి వేరే దారి ఇష్టం.
పనిచేసేవాళ్ల మొత్తంలోంచి
రిజిస్టర్లలో పేరున్నవాళ్లను తీసేయడం.
మిగిలిందే మనకు కావాల్సింది, అంటాడు.
తీసివేతలో మిగిలినవాళ్లకు
చేతులుంటాయని ఆయనకు తెలియదనను.
కాగితం మీద చోటు లేదు.

సేటుకు ఏ పద్ధతీ అక్కర్లేదు.
సాయంత్రం తొడిమెల కుప్ప తూస్తాడు,
ఆ రోజు ఎన్ని చేతులు ఆడాయో చెప్పేస్తాడు,
తేడా వస్తే రెండు మూడు చేతులు.
దేశంలో ఇంత కచ్చితమైన అంచనా లేదు.
ఎక్కడా రాయడు.

లాడ్జిలో రాత్రి ట్యాబ్ పంపేశాక
కళ్లు నులుముకున్నాను.
ఫోన్ నంబర్ సరిచూడటానికి
ఆమె వేలు తెర మీద పెట్టిన సంగతి
అప్పుడు గుర్తొచ్చింది.

ఎడమ కన్ను ఒక్కటే మండింది.
లేచి నీళ్లు కొట్టుకుంటూ నిలబడ్డాను.
నమూనా ఎప్పుడూ చిన్నదే.